హక్కుల పాఠం, అధికారాల పాఠం వేరు కావు

గచ్చిబౌలి నుంచి నల్లగండ్ల, తెల్లాపూర్ వైపు వెళ్లేవారికి గోపన్‌పల్లి తండా కూడలి సుపరిచితం. 2024 జూలైలో అక్కడ ఫ్లైఓవర్ ప్రారంభమైంది. ఒకవైపు ఐటీ సంస్థల అద్దాల మేడలు, మరోవైపు విశ్వవిద్యాలయపు బండలూ చెట్లూ. ఈ రెండింటి నడుమ మిగిలిన ఇరుకు గదుల్లో గ్రూప్స్‌కు చదువుకునే యువతీయువకులు అద్దెకు ఉంటున్నారు. పగలు డెలివరీ పనో, సెక్యూరిటీ డ్యూటీయో, కాల్‌సెంటర్ ఉద్యోగమో, రాత్రి చదువు. అప్పుడప్పుడు ఆదివారం నాడు వారితో కూర్చుని రాజ్యాంగం గురించి మాట్లాడటం నాకు అలవాటు.

ఒక ఆదివారం 342వ అధికరణం దేని గురించో చెప్పమన్నాను. అందరూ ఒక్క గొంతుతో ‘షెడ్యూల్డు తెగల జాబితా’ అన్నారు. ‘మన కూడలి పేరులో ఉన్న తండావాసులు కర్ణాటకలో ఏ జాబితాలో ఉన్నారు?’ అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి అన్నాడు: ‘మా మేనత్తను బీదర్ వైపు ఇచ్చారు సార్. అక్కడ వాళ్లకు ఎస్సీ సర్టిఫికెట్ ఇస్తారు. ఇక్కడ మేం ఎస్టీ.’

అతడు చెప్పింది అక్షరాలా నిజం. లంబాడీలు తెలంగాణలో షెడ్యూల్డు తెగ, కర్ణాటకలో షెడ్యూల్డు కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. ఒకే భాష, ఒకే పండుగలు, ఒకే బంధుత్వాలు. రాజ్యాంగం ముందు మాత్రం మూడు గుర్తింపులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సైతం ఆంధ్ర ప్రాంతపు లంబాడీలు ముందే ఎస్టీలు కాగా, తెలంగాణ లంబాడీలకు ఆ గుర్తింపు 1976 నాటి సవరణ చట్టంతో గానీ రాలేదు. ఆ చేర్పు వల్ల తమ వాటా తరిగిపోయిందన్న ఆదిలాబాద్ గోండుల, కోయల ఆవేదన ఇప్పటికీ చల్లారలేదు. ఇంత చరిత్ర ఉన్న అధికరణం మన గైడ్లలో ఒక్క బిట్టుగా మిగిలింది.

ఈ దుస్థితికి మనం రాజ్యాంగాన్ని చదివే పద్ధతే కారణం. గ్రూప్-2 రెండో పేపర్ మూడు భాగాలుగా ఉంటుంది. చరిత్ర ఒకటి, రాజ్యాంగం–రాజకీయాలు రెండు, సామాజిక నిర్మాణం మూడు. అంటే రాజ్యాంగం ఒక భాగంలో, కులం మరో భాగంలో ఉంటాయి. రాజ్యాంగ భాగంలోనూ ప్రాథమిక హక్కులు ఒక అధ్యాయం, కేంద్ర–రాష్ట్ర సంబంధాలు వేరొక అధ్యాయం. మొదటిది అయిపోయాక పుస్తకం మూసి రెండోది తెరుస్తారు. కానీ తెలుగు నేల మీద దళితులు, ఆదివాసులు, వెనుకబడిన కులాలు చేసిన ఏ పోరాటాన్ని తీసుకున్నా ఈ రెండు అధ్యాయాలూ విడివిడిగా కనిపించవు. ‘మాకు హక్కు ఉందా’ అన్న ప్రశ్న వెన్నంటే ‘దాన్ని ఇచ్చే అధికారం ఎవరిది’ అన్న ప్రశ్న వచ్చింది. చాలాసార్లు మొదటి ప్రశ్నకు జవాబు దొరికినా రెండో ప్రశ్న దగ్గరే జనం ఆగిపోయారు.

341, 342 అధికరణాలు జాబితాను ‘ఆ రాష్ట్రానికి సంబంధించి’ నిర్ణయిస్తాయి. ఈ చిన్న మాట ఎంత బరువైనదో మర్రి చంద్రశేఖరరావు కేసు చూపింది. తెనాలిలో పుట్టి, ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీగా గుర్తింపు ఉన్న యువకుడు, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయిలో పెరిగి అక్కడి వైద్య కళాశాలలో ఎస్టీ సీటు కోరాడు. ఒక రాష్ట్రంలోని గుర్తింపు మరో రాష్ట్రానికి వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. వెనుకబాటు స్థానిక పరిస్థితుల నుంచి పుడుతుందని కోర్టు చెప్పిన కారణంలో న్యాయం లేకపోలేదు. బయటి నుంచి వచ్చినవారు స్థానిక దళితుల వాటాను తీసుకోకూడదన్న వాదననూ తోసిపుచ్చలేం. అయినా సైబరాబాద్ కట్టడాల దగ్గర ఇటుకలు మోసే వలస కూలీని తలచుకుంటే మనసు నిలవదు. ఒడిశా నుంచో ఛత్తీస్‌గఢ్ నుంచో వచ్చిన ఆ మనిషి రాష్ట్ర సరిహద్దు దాటగానే రిజర్వేషన్ హక్కు వెనకే ఉండిపోయింది. కులం మాత్రం అతడితో పాటే రైలెక్కి వచ్చింది. ఇది హక్కుల ప్రశ్నా, సమాఖ్య ప్రశ్నా?

ఎస్సీ వర్గీకరణ ఉదంతం ఇంతకంటే లోతైనది. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. ఉన్న రిజర్వేషన్లు అందరికీ సమానంగా అందడం లేదన్నది దాని సారాంశం. జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ నివేదిక ఆధారంగా ఉమ్మడి రాష్ట్ర శాసనసభ 2000లో చట్టం చేసింది. 15 శాతం కోటాను రెల్లి తదితరులకు 1, మాదిగ తదితరులకు 7, మాల తదితరులకు 6, ఆది ఆంధ్ర తదితరులకు 1 చొప్పున నాలుగు భాగాలు చేసింది. 2004 నవంబర్ 5న ఇ.వి. చిన్నయ్య కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ చట్టాన్ని కొట్టివేసింది.

ఆ తీర్పులో రెండు తీగలు పెనవేసుకున్నాయి. ఎస్సీలందరూ ఒకే తరగతి, వారిని విభజించడం సమానత్వానికి విరుద్ధం అన్నది హక్కుల తీగ. రాష్ట్రపతి ప్రకటించిన జాబితాను తాకే అధికారం పార్లమెంటుకే గానీ రాష్ట్ర శాసనసభకు లేదన్నది సమాఖ్య తీగ. ఈ రెండో తీగ దళిత కుటుంబాల్లో ఒక తరాన్ని కట్టిపడేసింది. ఇరవై ఏళ్లపాటు వినతిపత్రాలు హైదరాబాద్ నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు తిరిగాయి. రాష్ట్రం కేంద్రాన్ని చూపింది, కేంద్రం ఏకాభిప్రాయం పేరు చెప్పింది. 2024 ఆగస్టు 1న పంజాబ్–దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6–1 తేడాతో చిన్నయ్య తీర్పును పక్కనపెట్టింది. ఉపవర్గీకరణ అంటే జాబితాను మార్చడం కాదని, రాష్ట్రాలకు ఆ అధికారం ఉందని, అయితే అందుకు అనుభవపూర్వక గణాంకాలు చూపాలని చెప్పింది.

ఆ తర్వాత జరిగినదే నా దృష్టిలో సమాఖ్య వ్యవస్థకు అన్నిటికంటే మంచి పాఠం. జస్టిస్ షమీమ్ అక్తర్ కమిషన్ సిఫారసుల మీద తెలంగాణ చట్టం 2025 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి నాడు, అమల్లోకి వచ్చింది. 59 కులాలు మూడు గ్రూపులయ్యాయి. వాటాలు 1, 9, 5 శాతం. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు తెచ్చింది. అక్కడ కూడా మూడు గ్రూపులే, వాటాలు మాత్రం 1, 6.5, 7.5 శాతం. ఒకప్పుడు ఒకే చట్టం కింద ఉన్న కులాలకు నేడు కృష్ణానది ఇవతల ఒక లెక్క, అవతల మరో లెక్క. రెండు రాష్ట్రాల్లో ఈ కులాల జనాభా నిష్పత్తులు వేరు కనుక రెండు లెక్కలూ ఉండటం సహజమే. ‘సమాఖ్య స్ఫూర్తి’ అని మనం వ్యాసాల్లో రాసే పదం ఒక మాదిగ యువతికో, మాల యువకుడికో, రెల్లి కుటుంబానికో రోస్టర్ పాయింటుగా మారే తీరు ఇది.

మా ఆదివారపు గదిలో మాల, మాదిగ విద్యార్థులు పక్కపక్కనే కూర్చుంటారు. ఈ తీర్పు చదివిన రోజు గది బరువెక్కింది. ‘మా ఐక్యత పోతుంది సార్’ అన్నారొకరు. ‘ఐక్యత పేరుతో మేమెంతకాలం వెనక కూర్చోవాలి’ అన్నారు మరొకరు. ఇద్దరి మాటలోనూ గాయం ఉంది. రాజ్యాంగం ఆ గాయాన్ని మాన్పలేదు. అయితే వాదించుకోవడానికి ఇద్దరికీ ఒకే భాష ఇచ్చింది. తీర్పు సంవత్సరాన్ని మాత్రమే కంఠస్థం చేసినవారికి ఆ భాష అందదు.

వెనుకబడిన కులాల కథ ఇంకా పాతది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో కమ్యూనల్ జీవో అమలులో ఉండేది. ప్రతి 14 సీట్లలో ఏ సమూహానికి ఎన్నో అది చెప్పేది. 1951 ఏప్రిల్‌లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు దానిని చెల్లదంది. రెండు నెలలు తిరిగేసరికి పార్లమెంటు మొదటి సవరణ ద్వారా 15(4) చేర్చింది. రాష్ట్రం ఇచ్చింది, కోర్టు ఆపింది, పార్లమెంటు దారి తీసింది. ఆంధ్రప్రదేశ్‌లో అనంతరామన్ కమిషన్ బీసీలను ఎ, బి, సి, డి గ్రూపులుగా విభజించగా, 1972లో బలరాం కేసులో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటును సమర్థించింది. బీసీలలో అర్ధ శతాబ్దం కిందటే చెల్లిన వర్గీకరణ ఎస్సీలలో 2024 దాకా ఎందుకు చెల్లలేదు? ఎందుకంటే ఒక జాబితా మీద కలం రాష్ట్రం చేతిలో ఉంది, రెండోదాని మీద లేదు. మెయిన్స్‌లో అడగదగ్గ ప్రశ్న ఇది.

ఆ కలమూ స్థిరంగా లేదు. 2018 నాటి 102వ సవరణతో బీసీలను గుర్తించే అధికారం రాష్ట్రాలకు పోయిందని 2021 మేలో మరాఠా కేసులో కోర్టు చెప్పింది. అదే ఏడాది 105వ సవరణతో పార్లమెంటు దానిని తిరిగి ఇచ్చింది. తెలంగాణ కులసర్వే అనంతరం 42 శాతం బీసీ రిజర్వేషన్ల బిల్లులను 2025 మార్చిలో శాసనసభ ఆమోదించి రాష్ట్రపతి సమ్మతికి పంపింది. ఎదురుచూపు సాగింది. స్థానిక సంస్థల కోసం సెప్టెంబర్‌లో ఇచ్చిన జీవోపై అక్టోబర్ 9న హైకోర్టు స్టే విధించింది. బిల్లులపై గవర్నర్లకు, రాష్ట్రపతికి కోర్టులు గడువులు విధించలేవని నవంబర్ 20న రాజ్యాంగ ధర్మాసనం అభిప్రాయం చెప్పింది. 200, 201 అధికరణాలను ‘గవర్నర్ అధికారాలు’ అన్న శీర్షిక కింద చదివి వదిలేసే విద్యార్థి వాటిని బీసీ రిజర్వేషన్ల అధ్యాయంలో కూడా చదవాలి. ఒక చాకలి, ఒక మంగలి, ఒక వడ్డెర వార్డు మెంబరు కావడమన్నది ఆ అధికరణాల గడపలో నిలబడి ఉంది.

ఆదివాసులది మరో గడప. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000 జనవరిలో వచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్ 22న చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో సుప్రీంకోర్టు రద్దు చేసింది. ఐదో షెడ్యూలు కింద గవర్నర్‌కు ఉన్న అధికారం ప్రాథమిక హక్కులకు అతీతం కాదని, నూరు శాతం కేటాయింపు సమానత్వానికి విరుద్ధమని, 371–డి కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుకూ అది పొసగదని చెప్పింది. ఐదో షెడ్యూలు, 16వ అధికరణం, 371–డి: గైడ్లలో ఇవి మూడు వేర్వేరు పేజీలు. ఏజెన్సీ బడిలో కోయ పిల్లవాడికి తన భాష తెలిసిన పంతులు దొరుకుతాడా లేదా అన్నది ఈ మూడూ కలిసిన చోటే తేలింది.

అలాగని రాష్ట్రాలకు అధికారం వస్తే అణగారిన కులాలకు న్యాయం జరిగినట్టేనని నేను అనడం లేదు. ఈ విషయంలో అంబేడ్కర్‌ను గుర్తు చేసుకోక తప్పదు. 1948 నవంబర్ 4న ముసాయిదాను సభ ముందు పెడుతూ, కాలాన్ని బట్టి ఏకకేంద్రంగానూ సమాఖ్యగానూ పనిచేయగల రాజ్యాంగమిదని ఆయన వివరించారు. అదే ప్రసంగంలో గ్రామాన్ని ఆదర్శంగా చూపేవారిని నిలదీశారు. అధికారం కిందికి దిగినకొద్దీ అది ఊరి పెద్దకులం చేతికి దగ్గరవుతుందన్న సంగతి ఆయనకు తెలియనిది కాదు. అందుకే మనం వేయవలసిన ప్రశ్న కేంద్రమా, రాష్ట్రమా అన్నది కాదు. ఏ స్థాయిలో ఉన్న అధికారం ఎవరికి జవాబుదారీగా ఉంది, ఎవరి లెక్కలు తీసి ఎవరికి పంచుతోంది అన్నది. దవీందర్ సింగ్ తీర్పు రాష్ట్రానికి ఇచ్చింది అధికారం మాత్రమే. లెక్కలు తీయని రాష్ట్రం చేతిలో ఆ అధికారం నిరుపయోగం.

ఇక పరీక్ష సంగతి. బిట్లు వద్దని విద్యార్థికి చెప్పే తాహతు నాకు లేదు. 150 ప్రశ్నలు, ఒక్క మార్కుతో తారుమారయ్యే బతుకులు. గది అద్దె కట్టి, ఇంటికి డబ్బు పంపి, మిగిలిన రాత్రిలో చదివేవారికి తత్వం బోధించడం సులువు. నేను అడిగేది ఒక్కటే. ప్రతి అధికరణం పక్కన మూడు మాటలు రాసుకోండి. ఈ హక్కు ఎవరిది? దానిని అమలు చేసే కలం ఎవరి చేతిలో ఉంది? ఆ కలం ఎక్కడ ఆగింది? చిన్నయ్య, బలరాం, లీలాప్రసాదరావు కేసుల మీద ఈ మూడు ప్రశ్నలూ వేసిన విద్యార్థికి బిట్లూ గుర్తుంటాయి, మెయిన్స్ వ్యాసమూ వస్తుంది. మన కళాశాలల్లో, స్టడీ సర్కిళ్లలో బోధించేవారు కూడా హక్కులనూ కేంద్ర–రాష్ట్ర సంబంధాలనూ ఒకే వారంలో, ఒకే కేసు చుట్టూ చెప్పి చూడాలి.

ఎందుకంటే ఈ గదుల్లో చదివేవారిలో కొందరు రేపు తహసీల్దారు కుర్చీలో కూర్చుంటారు. సరిహద్దు దాటి వచ్చిన కూలీ కూతురు కులధ్రువీకరణ పత్రం కోసం వస్తే ఈ రాష్ట్రపు రిజర్వేషన్ ఆమెకు వర్తించదని చెప్పక తప్పని రోజు వారికి ఎదురవుతుంది. ఆ కాగితం వెనక ఏ అధికరణం, ఏ తీర్పు, ఎవరి కడుపుకోత ఉందో తెలిసిన అధికారి ఒకలా మాట్లాడతాడు. ‘రూల్ లేదు, పో’ అనే అధికారి మరోలా మాట్లాడతాడు. పుట్టిన రాష్ట్రం నుంచి తండ్రి పేరిట వచ్చిన పత్రం ఆధారంగా ఆమెకు ఏమి దక్కుతుందో, ఎక్కడ దక్కుతుందో చెప్పి పంపేవాడు మొదటివాడే.

ఆ రోజు చర్చ ముగిశాక నారాయణఖేడ్ విద్యార్థి తన నోటు పుస్తకంలో 342 పక్కన ‘మేనత్త’ అని రాసుకున్నాడు. ఆ అధికరణాన్ని అతడు ఇక మరచిపోడు.