నీలం గోలీ వెనక అన్నదమ్ముల కథ

కామారెడ్డి, ఎల్లారెడ్డి సర్కారు బడుల్లో ఈమధ్య చదువుకున్నోళ్లకి వారానికోసారి ఇచ్చే నీలం గోలీ గుర్తుండే ఉంటుంది. దాంట్లో ఐరన్ ఒక్కటే కాదు, ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. ఆ ఫోలిక్ యాసిడ్‌ని మొదట ల్యాబ్‌లో తయారు చేసిన టీమ్‌ని నడిపించింది మన తెలుగాయనే, ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన మీద వాట్సాప్ ఫార్వర్డ్‌లు బోలెడు వస్తుంటాయి. ఏటీపీ, క్యాన్సర్ మందు అన్నీ చెప్తారు కానీ, పేగు జబ్బు సంగతి ఎవరూ పెద్దగా ఎత్తరు.

సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడే తోడబుట్టినవాళ్లు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. కారణం ట్రాపికల్ స్ప్రూ. మన పెద్దోళ్లు సంగ్రహణి అనేది ఇలాంటి జబ్బునే. విరేచనాలు ఆగవు, తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోయి మనిషి పుల్లలా అయిపోతాడు.

ఎందుకలా? మన చిన్నపేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజులకోసారి కొత్తగా తయారవుతుంది. పాత కణాలు రాలిపోతుంటే కింద నుంచి కొత్తవి పుట్టుకొస్తుంటాయి. (మేం నెలకో రిలీజ్ చేయడానికే కిందా మీదా పడతాం!) కొత్త కణం పుట్టాలంటే డీఎన్‌ఏ తయారవ్వాలి, దానికి ఫోలేట్ కావాలి. స్ప్రూలో ఆ పొర మీద సన్నటి వేళ్లలా ఉండే విల్లైలు అరిగి చదునైపోతాయి. పొర పాడైతే ఫోలేట్ లోపలికి వెళ్లదు. ఫోలేట్ లేకపోతే పొర బాగుపడదు. వడ్డీ కట్టడానికి మళ్లీ అప్పు చేసినట్టే.

సుబ్బారావు 1922లో అమెరికా వెళ్లారు. మళ్లీ ఇండియాకి రాలేదు, భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. అక్కడ ఆయన హార్వర్డ్‌లో ఉన్న రోజుల్లోనే, ఇక్కడ బొంబాయిలో లూసీ విల్స్ అనే డాక్టరు గర్భిణుల్లో రక్తహీనత మీద పనిచేశారు. ఈస్ట్‌తో చేసే మార్మైట్ పెడితే వాళ్లకి నయమవుతోందని 1931లో రాశారు. అందులో పనిచేసింది ఫోలేటే అని తర్వాత తేలింది. సుబ్బారావు 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. 1945కల్లా ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ని తయారు చేసేసింది. ఆ ఏడాదే డాక్టర్లు దాన్ని స్ప్రూ రోగులకి ఇచ్చి చూస్తే రక్తం పెరిగింది.

అదే ల్యాబ్ ఫోలేట్‌ని అడ్డుకునే మందులూ చేసింది. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. పేగుల్లో వాపు తెచ్చే క్రోన్స్ జబ్బుకి ఇప్పటికీ కొందరికి ఇది రాస్తారు. సైడ్ ఎఫెక్ట్స్ తగ్గడానికి దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ గోలీ కూడా ఇస్తారు. రెండూ పుట్టింది ఒకే చోట, నాకైతే ఈ ముక్క తెగ నచ్చింది.

స్ప్రూకి ఫోలిక్ యాసిడ్‌తో పాటు ఇప్పుడు నెలల తరబడి వాడించే ఇంకో మందు టెట్రాసైక్లిన్. దాన్ని ఆరియోమైసిన్ నుంచి తయారు చేశారు. ఆరియోమైసిన్‌ని కనిపెట్టింది లెడర్లీలో సుబ్బారావు కింద పనిచేసిన బెంజమిన్ డగ్గర్. అది లోకానికి తెలిసింది 1948 జూలైలో. ఆ ఆగస్టులోనే న్యూయార్క్‌లో సుబ్బారావు చనిపోయారు. అప్పటికి ఆయనకి 53 ఏళ్లు.