జోలపాట యెవరి సొత్తు?

నెలల బిడ్డ దినమునకు 14 మొదలు 17 గంటల వరకు నిద్రించును. అయినను ఆ నిద్ర రెండు మూడు గంటలకొక తునుకగా సాగును. రాత్రింబవళ్ల భేదము బిడ్డ దేహమునకు తెలియుటకే సుమారు మూడు నెలలు పట్టును. కనుక నిద్ర కొరత బిడ్డకు లేదు, ఉన్నదంతయు తల్లికే. జోలపాట పుట్టినది ఆ కొరతలోనే. ఆ పాట యెవరిదను ప్రశ్న చిన్నదిగా తోచినను, గ్రంథస్వామ్యమను పెద్ద విషయమంతయు అందులో ఇమిడియున్నది.

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవుదారిలో అడవి చేరువగును. కోయలకును, కొండరెడ్లకును అది నెలవు. వేసవి మొదట ఇప్పపూలు తెల్లవారుజామున రాలును. పశువుల నోట పడకముందే వాటిని ఏరుకొనవలెను. రాత్రి బిడ్డతో మేల్కొన్న తల్లి ఆ వేళకు గంపతో చెట్టుక్రింద నుండును. కొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో బిడ్డ యుండును. ఆమె పాడు పాటకు కర్త పేరు లేదు. తన తల్లివద్ద విన్న పాటలో తన బిడ్డ పేరు చేర్చి, ఒక మాట మార్చి, ఒక మాట మరచి ఆమె పాడును. పాట బ్రదుకుట ఆ మార్పువలననే.

ఆ సీమలోనే పేరుగల కర్తయు నున్నాడు. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న 17వ శతాబ్దిలో తానీషా ప్రభుత్వమున పాల్వంచ తహసీలుదారుగా నుండి, భద్రాద్రి ఆలయ నిర్మాణము కారణముగా గోలకొండలో చెరపడెను. దేవునికి చేయించిన నగలకు ఎంతెంత వెచ్చించెనో లెక్క చెప్పుచు ఆయన ఒక కీర్తన పాడెను. నగలకు లెక్క వ్రాసిన ఆ చేయి కీర్తనలకు వెల కట్టలేదు. అయినను రామదాస ముద్రను మాత్రము వాటిలో నిలిపెను. అచ్చుయంత్రము వాడుకలో లేనినాడు ముద్రయే కర్తకు దస్తావేజు. అది పేరును కాపాడెను. జీవనోపాధిని కాపాడుట దాని పని కాదు.

ఆ రెండవ పనికి చట్టము కావలసివచ్చెను. స్వతంత్ర భారతమున గ్రంథస్వామ్య చట్టము 1957లో చేయబడి, 1958 జనవరి 21న అమలునకు వచ్చెను. కర్త జీవితకాలమును, తదనంతరము 50 సంవత్సరములును హక్కు నిలుచునని మొదట అందు విధించిరి. 1941లో మరణించిన రవీంద్రుని రచనలకు ఆ గడువు ముగియుచుండగా, 1992లో దానిని 60కి పెంచిరి. ఖమ్మములో ఉన్నతపాఠశాల చదువు చదివిన దాశరథి కృష్ణమాచార్యులు 1987లో పరమపదించిరి. ఆయన రచనలపై హక్కు 2047 చివరివరకు నిలుచును.

దుమ్ముగూడెము వైపు ఒక పల్లెలో ఇద్దరు పసిబిడ్డలు గల ఉపాధ్యాయిని ఉన్నదనుకొందము. ఒక బిడ్డ నిద్రించి రెండవ బిడ్డ లేచులోపల ఆమె నాలుగు పంక్తులు వ్రాసికొనును. ఆ పంక్తులు కాగితముపై నిలిచిన క్షణముననే ఆమెకు హక్కు కలుగును; నమోదు తప్పనిసరి కాదు. వాటిని ప్రకాశకునకు ఇచ్చునపుడు ఒప్పందము వ్రాతపూర్వకముగా నుండవలెను. అందు గడువు చెప్పనిచో చట్టము దానిని అయిదేండ్లుగా భావించును. హక్కును అమ్ముకొన్న తరువాతను, ఈ రచన నాదని చెప్పుకొను అధికారము ఆమెకు పోదు. నిద్రమాని వ్రాసినవారికి ఈ నాలుగు సంగతులు తెలియుట అవసరము. తెలియక సంతకము చేసినవారు నష్టపోయిన తరువాత విచారించిన ఫలము తక్కువ.

మరి ఇప్పచెట్టు క్రింది తల్లి మాటయేమి? చట్టము కర్తను అడుగును, కాలమును అడుగును; ఆమె రెండును చూపజాలదు. తరతరముల జోలపాటపై ఆమెకు గ్రంథస్వామ్యము లేదు. అయినను చట్టము ఆమెను పూర్తిగా విడువలేదు. 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు ఏర్పడినది. గాయకులును ప్రదర్శకులలోని వారే. వారి అనుమతి లేక వారి గానమును ధ్వనిముద్రణ చేసి వ్యాపారము చేయరాదు. పాట అందరిది కావచ్చును గాని గొంతు ఆమెది.

పాఠశాలలలో విద్యార్థులచే జానపద గేయములు సేకరింపజేయుట మంచి సంప్రదాయము. బిరుదురాజు రామరాజు వంటి పండితులు ఆ బాట వేసిరి. నేడు ప్రతి చేతను ధ్వనిముద్రణ యంత్రమున్నది గనుక సేకరణ సులభమైనది. అందువలన బాధ్యత పెరిగినది. పాడుమని అడుగుటకు ముందే దానినెందుకు కోరుచున్నారో ఆమెకు చెప్పవలెను. ఆమె ఒప్పినచో పేరు, ఊరు, తేది పాటతోపాటు వ్రాయవలెను. పేరు వలదన్నచో ఆ కోరికను మన్నింపవలెను. మాటలు గ్రాంథికములు కావని దిద్దరాదు. పాఠశాల సంచికలో అచ్చయినచో ఒక ప్రతి ఆమె యింటికి చేరవలెను.

తరగతిలో బోధనకై ఒక పద్యమును ఎత్తివ్రాయుటకు ఉపాధ్యాయునకు చట్టము అనుమతి నిచ్చినది. ఆ పద్యము క్రింద కవి పేరు వ్రాయుట ఒక నిమిషపు పని. దానిని ప్రతిదినము చూచిన బాలుడు, రేపు తాను అడవిపల్లెలో విన్న పాట క్రింద సొంత పేరు వ్రాసికొనుటకు జంకును. గ్రంథస్వామ్యమునకు మొదటి పాఠము అక్కడనే ఆరంభమగును.