సిద్ధాంత గ్రంథం భద్రత: తెలుగు పరిశోధకుల కంప్యూటర్ వినియోగంపై ఒక పరిశీలన

1. పాత సాఫ్ట్‌వేర్, కొత్త ముప్పు

తెలుగు పరిశోధకుల కంప్యూటర్లలో పేజ్‌మేకర్, దానితోపాటు అను ఫాంట్లు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి. 2001లో వెలువడిన 7.0 తర్వాత పేజ్‌మేకర్‌కు మరో ప్రధాన వెర్షన్ రాలేదు. అయినా సిద్ధాంత గ్రంథాలను టైపు చేసే డి.టి.పి. కేంద్రాలు కొన్ని దానినే నమ్ముకొని ఉండడంతో పరిశోధకులూ దానిని విడువలేకపోతున్నారు. ఆ ఒక్క సాఫ్ట్‌వేర్ కోసం పాత విండోస్‌ను మార్చకుండా ఉంచుకోవడం, డబ్బు పెట్టి కొన్న ప్రతి లేకపోతే ‘క్రాక్’ చేసిన ప్రతిని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడం అలవాటుగా మారింది. కంప్యూటర్ నెమ్మదించడాన్నీ, ప్రమాదంలో పడడాన్నీ వేర్వేరు సమస్యలుగా భావించడం సహజమే. కానీ అనేక సందర్భాల్లో రెండింటికీ మూలం ఈ అలవాటులోనే ఉంటుంది.

క్రాక్ ప్రతిని ఎక్కించే ముందు యాంటీవైరస్‌ను ఆపివేయమనే సూచన తరచుగా ఎదురవుతుంది. ఆ సూచనను పాటించి అనుమతి ఇచ్చిన క్షణంలోనే అపరిచిత ప్రోగ్రాముకు కంప్యూటర్‌పై పూర్తి అధికారం దక్కవచ్చు. అది బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులను సేకరించవచ్చు. యజమానికి తెలియకుండా ప్రాసెసర్‌ను క్రిప్టోకరెన్సీ తవ్వకానికి వాడుకోవచ్చు. రెండవది జరిగినప్పుడు వాడుకరికి కనిపించేది మందగమనం ఒక్కటే. దానిని ‘మెషిన్ పాతబడింది’ అని సరిపెట్టుకోవడం కద్దు.

2. వానాక్రై అనుభవం

2017 మే 12న వ్యాపించిన ‘వానాక్రై’ దాదాపు 150 దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్లను తెరవడానికి వీలులేని సంకేత రూపంలోకి మార్చివేసి, విడుదలకు బిట్‌కాయిన్లలో సొమ్ము అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. విండోస్‌లో ఫైళ్లను పంచుకునే వ్యవస్థలోని లోపం ఆధారంగా, ఎవరూ ఏ లింకునూ నొక్కకుండానే అది ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి పాకింది. గమనించదగిన విషయమేమంటే, ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. దాదాపు రెండు నెలల వ్యవధి ఉంది. ‘తర్వాత చూద్దాం’ అన్న వాయిదాయే నష్టానికి దారి తీసింది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పొడిగింపు పథకంలో చేరని యంత్రాలకు భద్రతా సవరణలు అందవు.

3. వేగం

కంప్యూటర్ నెమ్మదించగానే ‘స్పీడ్ బూస్టర్’ల కోసం వెతకడం మరొక పొరపాటు. వాటి వల్ల కలిగే మేలు స్వల్పం. కొన్ని స్వయంగా ముప్పే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే తెరుచుకునే టాస్క్ మేనేజర్‌లో ఏ ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ను ఆక్రమించిందో, విండోస్‌తోపాటే ఏవి మొదలవుతున్నాయో కనిపిస్తుంది. అవసరం లేని వాటిని అక్కడే ఆపవచ్చు. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లలో చాలావాటికి తెరిచిన ప్రతి పేజీనీ చదివే అనుమతి ఉంటుంది కనుక వాటిని తగ్గిస్తే వేగమూ గోప్యతా రెండూ మెరుగవుతాయి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ సాధారణ వాడుకకు చాలు. ఒకేసారి రెండు యాంటీవైరస్‌లను నడిపితే అవి ఒకదానికొకటి అడ్డుపడతాయి. పాత హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్.ఎస్.డి. అమర్చడం వల్ల వచ్చే వేగం ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ రాదు.

పాస్‌వర్డు విషయంలో పొడవే ప్రధానం. అయితే తెలుగువారందరికీ కంఠస్థమైన పద్యపాదాన్ని రోమన్ లిపిలో రాసి రహస్యమనుకోవడం సాహిత్య విద్యార్థులకు సహజమైన పొరపాటు. సంబంధం లేని నాలుగైదు మాటల కూర్పు మేలు. ఈ-మెయిల్‌కు రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి. రుసుము చెల్లిస్తే మూడు రోజుల్లో వ్యాసం ప్రచురిస్తామనే ఆహ్వానాలు వచ్చినప్పుడు పంపినవారి పేరును కాక పూర్తి చిరునామాను చూడాలి. సొమ్ము పోయిన పక్షంలో వెంటనే 1930కు ఫోన్ చేయాలి.

4. ప్రతులు, లిపి

సిద్ధాంత గ్రంథానికి కనీసం మూడు ప్రతులుండాలి. వాటిలో ఒకటి వేరొకచోట ఉండాలి. క్లౌడ్‌లో ఉందన్న ధీమా ఒక్కటే చాలదు. కంప్యూటర్‌లోని ఫైలు పాడైతే ఆ పాడైన రూపమే క్లౌడ్‌కూ చేరుతుంది. పాత రూపాలను కొంతకాలమే నిలుపుతారు. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను నకలు తీసిన వెంటనే విడదీయాలి. తగిలించి ఉంచితే దాడి దానికీ సోకుతుంది.

తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. అను వంటి ఫాంట్లు ఆంగ్లాక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షర ఖండాలను ఉంచుతాయి. ఆ ఫాంట్ లేని యంత్రంలో అధ్యాయమంతా అర్థంలేని రోమన్ అక్షరాలుగా మిగులుతుంది, వెతుకులాటకూ దొరకదు. ఎవరూ దాడి చేయకుండానే తాళం పడిన ఫైలు అది. యూనికోడ్‌లో తెలుగుకు తొలి వెర్షన్ వెలువడిన 1991 నుంచే సొంత స్థానాలున్నాయి కనుక అందులోకి మార్చడమే ఆ ఫైలుకు అసలైన భద్రత. మార్పిడి సాధనాలు ఒత్తుల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు చేస్తాయి. కనుక ప్రతి అధ్యాయాన్నీ ముద్రిత ప్రతితో సరిచూసుకొనే వరకు పాత ఫైలును, దాని ఫాంట్‌ను, ఒక పి.డి.ఎఫ్. నకలును కలిపి ఒకే ఫోల్డరులో ఉంచాలి.