మీకు తెలుసా? అడవి దళానికి నీళ్ల మీద దెబ్బ
నక్సలైట్లతో అడవి పోరు కోసమే 1989లో ఏర్పడిన పోలీసు దళం మన గ్రేహౌండ్స్. అప్పటి కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పరుచుకున్న నల్లమలలో పట్టు సడలాక మావోయిస్టులు ఆంధ్రా-ఒడిశా సరిహద్దు మీదే ఎక్కువగా ఆధారపడ్డారు. గ్రేహౌండ్స్‌కు అతి పెద్ద దెబ్బ తగిలింది అక్కడే. అదీ చెట్ల మధ్య కాదు, నీళ్ల మీద!

2008 జూన్ 29. ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా బలిమెల జలాశయం. సీలేరు నీటిని రెండు రాష్ట్రాలూ పంచుకునే చోటు అది. కూంబింగ్‌కు వెళ్లిన జవాన్లు లాంచీలో వస్తుంటే, ఒడ్డునున్న కొండ మీద మాటు వేసినవాళ్లు తూటాల వర్షం కురిపించారు. నక్కడానికి చెట్టు లేదు, పరుగెత్తడానికి నేల లేదు. లాంచీ మునిగింది. 38 మంది చనిపోయారు. కొందరు తూటాలకు, కొందరు నీళ్లలో.