మైత్రిలో సూర్యుడు రాని రోజులు



సిక్స్త్ క్లాస్‌లో ఖండాల పాఠం చెబుతుంటే ఒక పాప, "మేడమ్, అంటార్కిటికాలో సైంటిస్టులు స్నానం చేస్తారా?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నాకైతే అది మంచి ప్రశ్న అనిపించింది. ఇంట్లో మిమ్మల్నీ అడగొచ్చు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

అక్కడ ఏడాది పొడవునా మనవాళ్లుండే కేంద్రాలు రెండు: 1989 నుంచి మైత్రి, 2012 నుంచి భారతి. మైత్రి పక్కనే ప్రియదర్శిని అనే మంచినీటి సరస్సు ఉంది. చలికాలంలో పైన మందంగా గడ్డకట్టినా అడుగున నీళ్లుంటాయి. వాటినే పంపుతో తోడుకుంటారు. కాబట్టి స్నానం చేస్తారు, కానీ మనలా ట్యాప్ తిప్పి వదిలేయరు. ఆ పంపు నడవాలన్నా, నీళ్లు కాగాలన్నా ఓడలో వచ్చిన ఇంధనమే దిక్కు.

చలికి దుస్తులున్నాయి. అసలు కష్టం ఒంటరితనం. అక్కడి వేసవి, అంటే మన డిసెంబరు, జనవరి దాటి ఓడ వెళ్లిపోయాక సుమారు పాతికమంది మిగులుతారు. చలికాలం గడిచేదాకా ఓడ రాదు. దాదాపు రెండు నెలలు సూర్యుడు ఉదయించడు. తాజా కూరగాయలు అయిపోతాయి (కొత్తిమీర లేకుండా అన్ని నెలలా అని మా అమ్మ ఆశ్చర్యపోయింది!). ఆ పాతికమందిలో సైంటిస్టులు కొందరే. డాక్టరు, వంట చేసేవారు, మెకానిక్‌లు కూడా ఉంటారు. వంటింటి పనిలో అందరికీ వంతులుంటాయి, పీహెచ్‌డీ చేసినవారికి కూడా.

మైత్రికి కొద్ది కిలోమీటర్లలో రష్యావారి నొవొలాజరెవ్‌స్కాయా కేంద్రం ఉంది. 1961 ఏప్రిల్‌లో అక్కడున్న ఒకే ఒక్క డాక్టరు, 27 ఏళ్ల లియొనిద్ రొగొజొవ్‌కే అపెండిసైటిస్ వచ్చింది. మంచు తుపాను వల్ల విమానం వచ్చే వీలు లేదు. నొప్పి తెలియకుండా మత్తు ఇంజెక్షన్ చేసుకుని, తోటివాళ్లు అద్దం పట్టుకుంటే, తన ఆపరేషన్ తనే చేసుకున్నారు. రెండు వారాల్లో మళ్లీ డ్యూటీలో చేరారు. చిన్నపిల్లలకు ఈ కథ కొంచెం తగ్గించి చెప్పండి.

ఇంత కష్టపడి అక్కడ ఎందుకుండాలి అని కూడా పిల్లలు అడుగుతారు. చీకట్లోనైనా, తుపానులోనైనా వాతావరణ రీడింగులు ఆగకూడదు. ఈ రోజు తీసుకోని రీడింగును రేపు తీసుకోలేం.

ఈ నెల సిక్స్త్ క్లాస్ హోమ్ యాక్టివిటీ కూడా ఇదే. వారం రోజులు, రోజూ ఉదయం ఏడింటికి బయటి ఉష్ణోగ్రత రాయించండి. థర్మామీటర్ లేకపోతే ఫోన్‌లో చూసినా సరే. ఆదివారం కూడా రాయాలి. ఒకరోజు మర్చిపోతే ఆ గడి ఖాళీగానే పంపండి. అంచనాతో నింపనివ్వకండి.