ఒంట్లో ఉప్పు లెక్క!

మండువేసవి. నెల్లూరు జిల్లా ఇస్కపల్లి ఉప్పుమళ్లు కళ్లు చెదిరేలా మెరుస్తుంటాయి. మడిలో వంగి ఉప్పు లాగే మనిషి గంటల తరబడి చెమటోడుస్తాడు. చెమటతో నీరూ పోతుంది, ఉప్పూ పోతుంది. ఒంట్లో రక్తం పరిమాణం తగ్గుతుంది. లెక్కప్రకారం నడుమెత్తగానే కళ్లు తిరిగి పడిపోవాలి. చాలాసార్లు పడడు. ఎందుకని?

మెదడుకు రక్తం తీసుకెళ్లే మెడ ధమనుల్లోనూ, గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని వంపులోనూ ఒత్తిడిని కనిపెట్టే నాడుల కొసలుంటాయి. పీడనం కాస్త తగ్గితే చాలు, క్షణాల్లో మెదడుకు కబురు! గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఇది తక్షణ సాయం మాత్రమే. అసలు పెత్తనం మూత్రపిండాలది. రక్తం తగ్గిందనిపిస్తే అవి రెనిన్‌ను వదులుతాయి. దాని ప్రభావంతో తయారయ్యే యాంజియోటెన్సిన్ నాళాలను ముడుస్తుంది, ఆల్డోస్టిరాన్ హార్మోనును పురిగొల్పుతుంది. ఆ హార్మోను ఉప్పును మూత్రంలో పోనీకుండా వెనక్కి లాగుతుంది. ఉప్పు వెంటే నీరూ వస్తుంది.

ఇదే ఏర్పాటు నీడపట్టున కూర్చునేవారికీ ఉంది. చిక్కల్లా అక్కడే! చెమట పట్టదు. ఎండు నెత్తళ్లు, ఉప్పుచేప, ఆవకాయ, అప్పడం మాత్రం కంచంలోకి రోజూ వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పింది రోజుకు 5 గ్రాముల లోపు. అంటే అన్నీ కలిపి ఒక టీస్పూను కూడా కాదు. ఉప్పు ప్రభావం అందరిమీదా ఒకేలా ఉండదు. వంశం, వయసు, బరువు, మద్యం కూడా తోడవుతాయి. హెచ్చు ఉప్పును బయటికి నెట్టడానికి కొందరి మూత్రపిండాలకు హెచ్చు పీడనం కావాల్సి వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ నాళాల గోడలు మందమెక్కుతాయి. విచిత్రమేమంటే, కాపలా కాసే నాడులు కూడా ఆ పీడనానికే అలవాటుపడి అదే మామూలనుకుంటాయి.

అందుకే 140/90 దాటినా చాలామందికి ఏ బాధా తెలియదు. పక్షవాతం వచ్చాకో, మూత్రపిండాలు దెబ్బతిన్నాకో బయటపడుతుంది. మాత్రలు వేసుకుంటూ 'ఇప్పుడు బాగానే ఉందిగా' అని మానేసేవారి సంగతీ అంతే. బాగున్నది ఆ మాత్ర వల్లనే మరి!

ఆ మాత్రల కథా తమాషాగా ఉంటుంది. మన సర్పగంధి వేరు బీపీని తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ వైద్యపత్రికలో రాసి ప్రపంచానికి చాటారు. బ్రెజిల్ పాము విషం చూపిన దారిలో తయారైన క్యాప్టోప్రిల్‌కు 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది యాంజియోటెన్సిన్ తయారీకే అడ్డుపడుతుంది.

ఇక ఉప్పుచేప సంగతి. రెండు మూడు నీళ్లలో నానబెట్టి కడిగితే కొంత ఉప్పు దిగుతుంది. పులుసులో మళ్లీ వేయకపోతేనే లెండి!