ధనుర్మాసం పరుగు

ఏలూరులో చలి అంటే మా అన్నయ్య కొడుకు ఫోన్లోనే పడీ పడీ నవ్వుతాడు. వాడుండేది మినియాపొలిస్‌లో. "బాబాయ్, పద్దెనిమిది డిగ్రీలకి కూడా మంకీ క్యాపేంటి నువ్వు?" అంటాడు. చలి సంగతి వాడికి బాగా తెలుసు, కాదనను. సున్నాకి పది డిగ్రీలు కింద ఉన్నరోజు గంటకి ఇరవై కిలోమీటర్ల గాలి వీస్తే, ఒంటికి అది మైనస్ పద్దెనిమిదిలా తగులుతుంది. అందుకే అక్కడివాళ్లు ముందు ఎదురుగాలిలో పరిగెత్తి, ఒళ్లు చెమట పట్టాక గాలిని వెనకేసుకుని ఇంటికొస్తారు. మంచి పద్ధతి.

మా బెడద వేరు. కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం. చుట్టూ చేపల చెరువులు, కాలవలు, వరిచేలు. గాలి ఆగిపోయి, మబ్బు లేని రాత్రయితే నేల త్వరగా చల్లబడుతుంది, నీళ్లమీది తేమంతా పొగమంచై దిగుతుంది. తెల్లవారుజామున కైకలూరు వైపు రోడ్డెక్కితే కనుబొమ్మల మీంచి నీళ్లు కారతాయి. టెలిఫోన్ స్తంభం దగ్గరికొస్తేగాని కనపడదు. చేపల లారీ ముందు వినపడుతుంది, తర్వాత దాని లైట్లు పచ్చగా మసగ్గా తేలతాయి, అప్పటికే అది మన పక్కనుంటుంది. ట్రేలలోని ఐసు కరిగి కారిన నీళ్లు తారు మీద జిగటగా ఉంటాయి. మలుపులో బూటు జారేది అక్కడే.

అందుకని కుడిపక్క, అంటే వచ్చే బళ్లకి ఎదురుగా పరిగెత్తాలి. లైటు పడితే మెరిసే పట్టీల జాకెట్ వేసుకోవాలి. చెవుల్లో పాటలు వద్దు. మంచులో కళ్లు చేయని పని చెవులే చేయాలి.

ఇక స్వెటర్. పరిగెత్తేవాడు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు ముప్పావు వంతు వేడిగానే పోతుంది. ఆ వేడిని దించేది చెమట కాదు, చెమట ఆరడం. పొగమంచులో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది కాబట్టి చెమట ఆరదు, కారుతుంది. చలికాలమే కదా అని స్వెటర్ బిగించి హాఫ్ మారథాన్‌కి దిగినవాడు సగం దూరంలో ఉడికిపోతాడు. దాహం వేయలేదని నీళ్లూ తాగడు. బయల్దేరేటప్పుడు కాస్త వణుకు పుట్టేలా ఉంటేనే బట్టలు సరిపోయినట్టు లెక్క. అసలు చలి పరుగు ఆపాక పట్టుకుంటుంది. తడిసిన కాటన్ బనీనుతో బైకెక్కి ఇంటికెళ్లి చూడండి, పళ్లు టకటకలాడతాయి. పొడి చొక్కా ఒకటి బండి డిక్కీలో పడేసుకోండి.

తడి, గాలి కలిస్తే ఎంతటివాళ్లకైనా కష్టమే. 2018 బోస్టన్ మారథాన్‌లో చలివాన, ఎదురుగాలి. పేరున్న పరుగువీరులు చాలామంది మధ్యలోనే తప్పుకున్నారు. 2 గంటల 15 నిమిషాల 58 సెకన్లలో గెలిచింది అప్పట్లో జపాన్‌లో ఒక హైస్కూల్ ఆఫీసులో గుమాస్తాగా చేస్తున్న యుకి కవౌచి. ఉద్యోగం చేసుకుంటూ పరిగెత్తేవాళ్లందరి తరఫునా నాకు ఆయనంటే ఇష్టం.

మన దేశంలో అసలైన గడ్డు చలి పరుగు చూడాలంటే లడఖ్ వెళ్లాలి. 2023 ఫిబ్రవరి 20న గడ్డకట్టిన పాంగాంగ్ సరస్సు మీద లుకుంగ్ నుంచి మాన్ దాకా 21 కిలోమీటర్ల పోటీ జరిగింది. 13,862 అడుగుల ఎత్తు. పాల్గొన్నది 75 మంది. అంత ఎత్తులో ఊపిరి అందడమే గగనం, పైగా కాళ్ల కింద మంచుగడ్డ. వేడెక్కే భూమి మీద అలాంటి సరస్సులు ఎన్నాళ్లుంటాయోనన్న హెచ్చరికగానే ఆ పోటీ పెట్టారు.

మనకంత సాహసం అక్కర్లేదు. మంచులో పొగ కూడా కిందే నిలిచిపోతుంది, భోగి తెల్లవారుజామున మరీను. ఉబ్బసం ఉన్నవాళ్లు ఎండ ఎక్కేదాకా ఆగాల్సిందే. మిగతావాళ్లకి నా మాట ఒకటే: పది బారల దూరంలో రోడ్డు కనపడకపోతే ఆ రోజుకి పరుగు మానెయ్యండి. కాఫీ తాగి, ఎనిమిదింటికి బయల్దేరండి.